సామాన్ల కాపలా లేని ప్రయాణం

జనవరి మొదటి వారంలో మేం ఐదుగురం హైదరాబాద్ వెళ్తున్నాం. పెళ్లికి కాదు, ఆస్పత్రికి కాదు, ఎవరింట్లోనో శుభకార్యానికి కాదు. రామోజీ ఫిల్మ్ సిటీలో ఒక రాత్రి ఉండి, రెండు పగళ్లు హాయిగా తిరిగి రావడానికి. ఒడిశా సరిహద్దు ఊరైన మా రాయగడలో వీధివాళ్లకి ఈ మాట చెబితే ముందు నమ్మలేదు. "ఊరికే చూసి రావడానికి అంత దూరమా?" అన్నారు. అవును, ఊరికే చూసి రావడానికే. మా ఇంట్లో ఇలాంటి ప్రయాణం ఇదే మొదటిది. అందుకే టికెట్లు చేతికొచ్చిన ఈ నవంబరు నెలాఖర్లోనే కూర్చుని అంతా రాసి పెట్టుకుంటున్నాను.

ఐదుగురంటే అత్తయ్య, మావారు, నేను, ఏడో తరగతి చదివే పాప, రెండో తరగతి బాబు. అత్తయ్యకి డెబ్భై దాటాయి. మోకాళ్లు నొప్పి, మెట్లెక్కితే ఆయాసం, పొద్దున్నే బీపీ మాత్ర. మిగతా అన్నింటికీ ఆవిడ గట్టి మనిషే. కళ్లు బాగా కనిపిస్తాయి, ఎవరేం మాట్లాడినా వింటుంది, కొత్తది ఏది కనబడినా దగ్గరికెళ్లి చూడందే ఊరుకోదు.

ఈ ప్రయాణం ఆలోచన ఎక్కడ మొదలైందో చెప్పాలి. పోయిన వేసవిలో పార్వతీపురంలో ఉండే మా వదిన (మావారి అక్క) కుటుంబం ఒక వాటర్ పార్కుకి వెళ్తూ అత్తయ్యని కూడా తీసుకెళ్లింది. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చారు. పిల్లలు ఎర్రగా కమిలిపోయి, తడి జుట్లతో, ఒకరి మాట మీద ఒకరు చెప్పుకుంటున్నారు. మా బాబు నానమ్మ దగ్గరికెళ్లి "నువ్వేం చూశావు నానమ్మా?" అని అడిగాడు. "అందరి సెప్పులూ సూసేన్రా" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ మాటలో అబద్ధమేమీ లేదు. పొద్దుటి నుంచీ ఒక బెంచీ మీద కూర్చుని, అందరి చెప్పులు, సెల్‌ఫోన్లు, పొడి బట్టల సంచులు చూసుకుంది.

ఇది వాళ్ల ఒక్కరి తప్పని నేననను. మన ఇళ్లలో కుటుంబంతో ఎక్కడికి వెళ్లినా ఇదే వరస. బీచికెళ్తే చెప్పుల దగ్గర ఒక పెద్దావిడ, జూకెళ్తే టిఫిన్ క్యారేజీ దగ్గర ఒక పెద్దావిడ, తిరునాళ్లకెళ్తే స్వెట్టర్ల మూట ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దావిడ. ఆవిడని ఎవరూ కూర్చోమని చెప్పరు. "నానెక్కడ తిరగ్గలనమ్మా, నాకేటి తెల్దు, మీరెల్లి రండి" అని ఆవిడే అంటుంది. మనం వెంటనే ఒప్పేసుకుంటాం. అలా ఒప్పేసుకోవడం మనకి సులువు కాబట్టి.

అందుకని ప్లాన్ మొదలుపెట్టిన రోజే మావారికి, పిల్లలకి ఒక మాట చెప్పేశాను. ఈసారి నానమ్మ చేతిలో ఒక్క సంచీ కూడా ఉండదు. ఏ ఊరు, ఏ తేదీ, ఏ బండి, ఏ గది అన్నది ఆ మాటను బట్టే తేలుతుంది.

ముందు ఊరి సంగతి. పక్కింటి మావుసి (ఒడియాలో పిన్నిని అలా పిలుస్తారు) భువనేశ్వర్ వెళ్లమంది. చలికాలమంటే ఒడియావాళ్లకి నందన్‌కానన్ జూ, అటునుంచి పూరీ. మంచి ప్రయాణమే, కాదనను. కానీ నందన్‌కానన్‌లో నడక ఎక్కువ, పూరీ మేం వెళ్లిందే. పాప మాత్రం వండర్‌లా, వండర్‌లా అని ఒకటే గొడవ. వాళ్ల క్లాసులో ఎవరో వెళ్లొచ్చారట. హైదరాబాద్ వండర్‌లా రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉంది, 2016లో తెరిచారు. రైడ్లంటే ఇష్టమున్న పిల్లలకి అంతకంటే ఏం కావాలి? కానీ అక్కడ సగం నీళ్లాటలు, మిగతా సగం గుండె గుభేల్మనే రైడ్లు. అత్తయ్యకి మళ్లీ బెంచీయే. పైగా వండర్‌లావాళ్ల రిసార్టు బెంగళూరులో ఉంది గానీ హైదరాబాద్‌లో లేదు. మధ్యాహ్నం ఆవిడ కాసేపు నడుం వాల్చాలంటే గది ఉండదు.

ఫిల్మ్ సిటీ విషయంలో నా మనసు తేల్చింది ఆ గదే. లోపలే హోటళ్లున్నాయి. సితార పెద్దది, తార ఒక మెట్టు కింద, శాంతినికేతన్ మనలాంటి వాళ్ల బడ్జెట్‌కి దగ్గర. బస ప్యాకేజీ తీసుకుంటే చూసే టికెట్టు అందులోనే కలిసి వస్తుంది. ఇక నడక సంగతి. ఆ స్థలం 1,666 ఎకరాలు. 1996లో రామోజీరావు గారు మొదలుపెట్టిన ఈ స్టూడియో ప్రపంచంలోకెల్లా పెద్దదని గిన్నిస్ బుక్కులో ఎక్కింది. అంత పెద్దది కాబట్టే అక్కడ ఎవరూ నడిచి తిరగలేరు. గేటు దగ్గర నుంచి లోపలికి బస్సు, లోపల సెట్లు చూపించడానికి మళ్లీ పాతకాలపు ఎర్ర బస్సులు. పెద్ద స్థలమంటే ముసలివాళ్లకి కష్టమని అందరూ అనుకుంటారు. ఇక్కడ మాత్రం పెద్దది కాబట్టే కూర్చుని చూసే వీలుంది. కిటికీ పక్కన కూర్చున్న మనిషికి మోకాలి నొప్పితో పనేముంది?

రెండోది, అక్కడ చాలా భాగం ప్రదర్శనలు. స్టంట్ షో, డాన్సులు, సినిమా ఎలా తీస్తారో చూపించేవి. కూర్చుని చూసేవే అన్నీ. పక్షుల పార్కు ఉంది, సీతాకోకచిలుకల పార్కు ఉంది, బోన్సాయ్ తోట ఉంది. అత్తయ్య పెరట్లో చిక్కుడు పాదు నుంచి కనకాంబరాల దాకా తనే పెంచుతుంది. పదేళ్ల మామిడి చెట్టు మోకాలెత్తు కుండీలో ఉంటుందంటే నమ్మడం లేదు. "అదెలాగమ్మా, సెట్టుని ఆపెస్తారేటి?" అని పదేపదే అడుగుతోంది. అక్కడికెళ్లి నిలబడి ఆవిడే చూడాలి.

తేదీలు కుదరడానికే ఎక్కువ తిప్పలు పడ్డాం. సరిహద్దు ఊళ్లో ఉన్నవాళ్లకి ఇది బాగా తెలుస్తుంది. మా ఇంటి గోడ మీద రెండు క్యాలెండర్లు ఉంటాయి, తెలుగుదొకటి, ఒడియాదొకటి. రెండింటిలోనూ మార్గశిరం ఉంటుంది గానీ ఒకే రోజు మొదలవదు. ఒడియావాళ్లకి కార్తీక పౌర్ణమి మర్నాటి నుంచే మార్గశిరం. మనకి అమావాస్య దాటాలి. అందుకని పక్కింటి మావుసి గుమ్మంలో బియ్యప్పిండి నీళ్లతో లక్ష్మి పాదాలు వేసి, మాణ అనే కొలపాత్ర నిండా కొత్త ధాన్యం పోసి గురువారం పూజ మొదలుపెట్టిన పదిహేను రోజులకి మా ఇంట్లో లక్ష్మివారం నోము మొదలవుతుంది. వాళ్ల పూజకి మేం వెళ్తాం, మా పూజకి వాళ్లొస్తారు. నాకు చాలా ఇష్టమైన రోజులవి. కానీ ఆ గురువారాల్లో అత్తయ్య ఇల్లు కదలదు. నోముకి ఐదు లక్ష్మివారాలు కావాలి. నెలలో నాలుగే వస్తే ఐదోది పుష్యమాసం మొదటి గురువారం. ఈసారి ఆ ఐదోది సరిగ్గా డిసెంబరు 25న పడింది. ఆరోజు పూర్ణం బూరెలు నైవేద్యం పెట్టి, ముత్తైదువలకి తాంబూలాలు ఇచ్చాకే ఉద్యాపన.

అంటే క్రిస్మస్ సెలవుల ముందు భాగం మాకు లేదు. మిగిలిన భాగం, 26 నుంచి 31 దాకా, దేశమంతా సెలవుల్లో తిరిగే వారం. ఏ పార్కుకైనా ఏడాదిలో అంత రద్దీ ఉండదు. టికెట్టు దగ్గర క్యూ, బస్సు దగ్గర క్యూ, భోజనం దగ్గర క్యూ. నిలబడలేని మనిషిని తీసుకుని ఆ వారంలో వెళ్లడం ఆవిడని ఏడిపించడమే. మావారు "పిల్లలకి సెలవులు కదా, అదే నయం" అన్నారు. ఒక సాయంత్రమంతా ఈ మాట మీదే గడిచింది. చివరికి సెలవులు వదులుకుని, పిల్లలకి నాలుగు రోజులు బడి మానిపించడానికి ఒప్పుకున్నారు. పాప క్లాస్ టీచర్‌కి ముందే ఉత్తరం రాసి ఇచ్చాను. దొంగ జ్వరం రాయలేదు, విషయం విషయంగానే రాశాను.

ఇక సంక్రాంతి. మా వదిన పిల్లలకి పండగ సెలవులు బోలెడు, ఒడిశా బళ్లలో మా పిల్లలకి మకర సంక్రాంతి ఒక్కరోజు. వాళ్లూ మేమూ కలిసి వెళ్లే యోగం చలికాలంలో లేనే లేదు. పైగా సంక్రాంతికి ముందు హైదరాబాద్ నుంచి విశాఖ వైపు వచ్చే బండ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఊరంతా ఇటే వస్తుంది. తొమ్మిదో తారీఖు, పదో తారీఖు వచ్చిందంటే ఆ రైళ్లలో కాలు పెట్టే సందుండదు. వెళ్లడానికి ఇబ్బంది లేదు, తిరిగి రావడమే కష్టం. కాబట్టి కొత్త సంవత్సరం రద్దీ తగ్గాక, పండగ రద్దీ మొదలవకముందు మాకు మిగిలింది ఒక చిన్న సందు. జనవరి 5, 6 తేదీలు, సోమ మంగళవారాలు. ఏడో తేదీ సాయంత్రం హైదరాబాద్‌లో బండెక్కేయాలి.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు ఇస్తున్నారు. 2024 నవంబరు 1 వరకు 120 రోజులు ఉండేది. జనవరి 4న విశాఖలో ఎక్కాలంటే లెక్క ప్రకారం నవంబరు 5 ఉదయం 8 గంటలు. ఆరోజు కార్తీక పౌర్ణమి! తెల్లవారుజామునే నాగావళి ఒడ్డున జనం. ఒడియా కుటుంబాలు అరటి బోదెలతో చేసిన పడవల్లో దీపం, తాంబూలం పెట్టి నీళ్లలో వదులుతుంటే, మన వాళ్లు అరటి దొప్పల్లో దీపాలు వదులుతున్నారు. పాప పడవ వదిలింది, అత్తయ్య దొప్ప వదిలింది. గబగబా ఇంటికొచ్చి, తడి చీర మార్చుకుని, ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు నేను ఒక ఫోనుతో, మావారు ఒక ఫోనుతో కూర్చున్నాం.

రెండు ఫోన్లు ఎందుకంటే, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లందరికీ పనికొచ్చే మాట ఒకటుంది. అరవై దాటినవాళ్లకి కింది బెర్తు ఇచ్చే కోటా ఉంది. కానీ అది వాళ్లు ఒక్కరుగా గానీ, ఆ కోటాకి తగిన ఇద్దరుగా గానీ టికెట్టు తీసుకుంటేనే పనిచేస్తుంది. ఐదుగురినీ ఒకే టికెట్టులో వేస్తే ఆ కోటా రాదు, పై బెర్తు వచ్చినా రావచ్చు. రాత్రంతా ఎవరినో బతిమాలుకోవాలి. అందుకని అత్తయ్యకి వేరే టికెట్టు, మా నలుగురికి వేరే టికెట్టు. అత్తయ్యది మావారి ఫోన్లో, మాది నా ఫోన్లో. ఇద్దరం ఒకేసారి నొక్కాం. అత్తయ్యకి కింది బెర్తు వచ్చింది, అదే పెట్టెలో మాకూ వచ్చాయి. ఆ నిమిషంలో పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. బాబుకి అరటికెట్టుతో సరిపెట్టలేదు. ఐదు దాటి పన్నెండు నిండని పిల్లలకి బెర్తు కావాలంటే పూర్తి చార్జీయే. రాత్రి ప్రయాణంలో ఏడేళ్ల పిల్లాడిని ఒళ్లో పడుకోబెట్టుకుంటే ఇద్దరికీ నిద్ర ఉండదు. తిరుగు టికెట్లకి మళ్లీ నవంబరు 8న ఇదే పని. అవీ దొరికాయి.

మా రాయగడ నుంచి నేరుగా వెళ్లే బండి లేకపోలేదు. సంబల్‌పూర్ నుంచి నాందేడ్ వెళ్లే నాగావళి ఎక్స్‌ప్రెస్ మా ఊరి మీదుగా, సికింద్రాబాద్ మీదుగా పోతుంది. మా ఊరి నది పేరు పెట్టుకున్న బండి కాబట్టి దాని మీద అభిమానం ఎక్కువే. కానీ అది రోజూ ఉండదు. అదీకాక మధ్యలో విశాఖలో ఆగాలన్నది అత్తయ్య కోరిక. వందే భారత్ గురించి కూడా ఆలోచించాం. విశాఖ, సికింద్రాబాద్ మధ్య 2023 జనవరి నుంచి తిరుగుతోంది. వేగం బాగానే ఉంది గానీ ఎనిమిది గంటల పైన కూర్చునే ఉండాలి. మడిచిన మోకాలు మడిచినట్టే ఉంటే మర్నాడు ఆవిడ లేవలేదు. పడుకుని వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్సే మాకు నయం. సాయంత్రం విశాఖలో ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాద్.

ఆ విశాఖ కోరిక ఏమిటంటే, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారు. ప్రతి ఏడూ నోములో ఆ అమ్మవారిని తలచుకునే అత్తయ్య, గుడికెళ్లి చాలా కాలమైంది. ఆ గుడిలో అమ్మవారికి పైకప్పు ఉండదు, ఆకాశం కిందే ఉంటుంది. పసుపు కుంకుమలు ఎవరి చేత్తో వాళ్లే వేసి, తాకి మొక్కుకోవచ్చు. అది అత్తయ్యకి చాలా గొప్ప సంగతి. 1936కి ముందు రాయగడ కూడా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేదని, అందుకే ఆ అమ్మవారు మనవాళ్లకీ అమ్మవారేనని ఆవిడ వాదన. మూడో తేదీ శనివారం రాయగడలో పగటి బండి ఎక్కి, విశాఖలో మా చెల్లి ఇంట్లో పడుకుని, ఆదివారం పొద్దున్నే దర్శనం. మార్గశిరం అయిపోయి ఉంటుంది కాబట్టి ఆ నెల రద్దీ ఉండదు. సాయంత్రం రైలు.

సోమవారం తెల్లవారుజామున సికింద్రాబాద్‌లో దిగి ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్న. హోటల్లో గది మధ్యాహ్నానికి గానీ ఇవ్వరు. ముఖం కూడా కడుక్కోకుండా గేటు దగ్గరికెళ్లి కూర్చుంటే మొదటిరోజు సగం పాడు. మావారి పిన్ని కొడుకు వనస్థలిపురంలో ఉంటున్నాడు. అది విజయవాడ హైవే మీదే, ఫిల్మ్ సిటీకి వెళ్లే దారే. స్టేషన్ నుంచి కారులో అక్కడికి వెళ్లి, స్నానాలు, ఇడ్లీలు కానిచ్చి, పెద్ద బ్యాగులు అక్కడే వదిలేస్తాం. మా వెంట వచ్చేది ఒక్క రాత్రికి సరిపడా ఒక చక్రాల బ్యాగు మాత్రమే. అది కూడా హోటల్ కౌంటర్లో పెట్టేస్తే చేతులు ఖాళీ. మెట్రో ఎక్కుదామని పాప అడిగింది. సామాన్లతో, బండి మారుతూ, మెట్లెక్కుతూ వద్దన్నాను. బుధవారం సామాను లేనప్పుడు ఎల్బీ నగర్‌లో ఎక్కిస్తానని మాటిచ్చాను.

సోమవారం మొత్తం పాప తయారుచేసిన కాగితం ప్రకారం నడుస్తుంది. పొద్దున బస్సులో సెట్ల చుట్టూ తిరగడం ముందు. ఎండెక్కకముందు అది అయిపోతే బాగుంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్‌లో పొద్దునా రాత్రీ చలే గానీ మధ్యాహ్నం ఎండ బాగానే ఉంటుంది. రాయగడ కొండల మధ్య చలికి అలవాటుపడ్డ మాకు అక్కడి చలి పెద్ద లెక్క కాదు. తర్వాత ఒక ప్రదర్శన, భోజనం. ఒంటిగంటన్నరకి అత్తయ్య గదికి వెళ్లి పడుకుంటుంది, తోడుగా నేను. ఆ రెండు మూడు గంటలు మావారు, పిల్లలు ఏ రైడ్లు ఎక్కుతారో ఎక్కనీ, ఎన్నిసార్లు అరుస్తారో అరవనీ. నాలుగున్నరకి టీ తాగి మేమిద్దరం మళ్లీ బయటికొస్తాం.

లోపల గది లేనివాళ్లకి ఇదే కుదరదు. పొద్దున తొమ్మిదింటి నుంచి రాత్రి దాకా ఏకబిగిన తిరిగి, అసలు అందంగా ఉండే సమయానికి పిల్లలు నిద్రకి జోగుతుంటారు, పెద్దలు నడుం పట్టుకుంటారు. ఏటా డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాటేదాకా అక్కడ వింటర్ ఫెస్ట్ జరుపుతుంటారు. చీకటి పడ్డాక తోటలన్నీ దీపాలు, వీధిలో కార్నివాల్ ఊరేగింపు. మామూలు రోజుల్లో సాయంత్రానికే మూసేసే చోటు అప్పుడు రాత్రి దాకా తెరిచే ఉంటుంది. ఆ దీపాలు అత్తయ్య చూడాలి. మజ్జిగౌరమ్మ జాతరకి లైట్లు పెట్టారని విని వీధి చివరిదాకా వెళ్లి నిలబడే మనిషి. అందుకే డబ్బు కాస్త ఎక్కువైనా గదికే పెట్టాం. టీవీ మార్చాలనుకున్న డబ్బులవి. టీవీ ఇంకో ఏడు పనిచేస్తుంది.

మంగళవారానికి నేనొక నియమం పెట్టాను. ఒక్కొక్కరికి ఒక్కో కోరిక, దానికి అందరూ వెంట వెళ్లాలి. మావారికి రైల్వే స్టేషన్ సెట్టు. సినిమాలో ఏ ఊరు కావాలంటే ఆ ఊరి బోర్డు పెట్టేసే స్టేషనది. దాని ముందు నిలబడి ఫోటో దిగాలట. బాబుకి దయ్యాల గుహలాంటి బొరాసుర. పైకి ధైర్యంగా ఉన్నా నా చెయ్యి పట్టుకునే వెళ్తాడని నాకు తెలుసు. పాపకి సినిమాలో చప్పుళ్లు, మాటలు ఎలా కలుపుతారో చూపించే చోటు. మాహిష్మతి సెట్టు అందరూ అడిగారు కాబట్టి అది ఎవరి వాటాలోనూ లేదు. అత్తయ్యకి బోన్సాయ్ తోట, పక్షులు. తనకి రెండు. నాకు ఫౌంటెన్ దగ్గర కాసేపు కూర్చోవడం చాలు, అదీ అత్తయ్య పక్కన.

పిల్లల విషయంలో ఇంకో ఆశ కూడా ఉంది నాకు. మా పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బళ్లో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు అక్షరాలు నేను రాత్రిపూట నేర్పిస్తే వచ్చినవి. రాయగడలో తెలుగు బోర్డులు తక్కువ, వాళ్లకి చదవాల్సిన అవసరమే పడదు. సికింద్రాబాద్‌లో దిగిన దగ్గర నుంచి కనబడిన బోర్డల్లా పైకి చదవాలని పందెం వేశారు. బాబు ఇప్పటికే వంటింట్లో పసుపు పొట్లం మీద, గోడ మీద క్యాలెండర్‌లో సాధన చేస్తున్నాడు. ఒత్తులొస్తే ఆగిపోతాడు, 'క్ష' దగ్గర ఇంకా కష్టపడుతున్నాడు. పాప ఆగకుండా చదివేస్తుంది. అత్తయ్య చదివింది ఒడియాలో, అదీ ఐదో తరగతి దాకా. బోర్డులు చదివి నానమ్మకి వినిపించడం బాబు పని.

తిండి గురించి పెద్దగా ఆలోచించలేదు. పార్కుల్లో బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి మోసుకెళ్లేది రైలు వరకే. శనివారం పెరుగన్నం, ఆదివారం చెల్లి చేసే పులిహోర, రెండు రోజులకీ జంతికలు, మరమరాల మిక్చర్. అత్తయ్య మాత్రలు మాత్రం నా చేతి సంచిలో ఒక డబ్బా, మావారి దగ్గర ఇంకో డబ్బా. ఒకటి ఎక్కడైనా వదిలేసినా రెండోది ఉంటుంది. ఆవిడ ఆధార్ కార్డు జెరాక్సు, డాక్టరు చీటీ కూడా జత చేశాను. నేను ఎల్ఐసీ ఏజెంటుని, కాగితాలు లేకుండా ఇల్లు దాటలేను. కొత్త చెప్పులు కొని డిసెంబరు ఒకటి నుంచే తొడిగించాలి. ప్రయాణం రోజున కొత్త చెప్పులు వేసుకుంటే బొబ్బలు ఖాయం.

చెప్పుల దగ్గరికొచ్చాం కాబట్టి చివరి ఏర్పాటు కూడా చెప్పేస్తాను. పిల్లలు రైడ్లు ఎక్కినప్పుడు ఎవరో ఒకరు కింద ఉండక తప్పదు. వాళ్ల టోపీలు, నీళ్ల సీసాలు, కళ్లజోళ్లు ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఆ పని వంతులవారీగా చేస్తాం. మొదటి వంతు మావారిది, తర్వాత నాది, ఆ తర్వాత పాపది. బాబు కూడా తన వంతు అడిగాడు, ఒక పావుగంట ఇచ్చాం. అత్తయ్య పేరు ఆ కాగితంలో లేదు. అది చదివి వినిపిస్తే ఆవిడ ఊరుకోలేదు. "మరి నానేటి సెయ్యాలి?" అంది. "చూడాలి" అన్నారు మావారు. ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. రోజూ ఏదో ఒక సంచి తనకిమ్మని అడుగుతూనే ఉంది. నేను ఇవ్వనంటూనే ఉన్నాను.

మిగిలిన పనులు రెండు. కింది అంతస్తులో గది గానీ, లిఫ్టుకి దగ్గరగా గానీ ఇమ్మని హోటల్‌కి మళ్లీ ఫోన్ చేయాలి, అవసరమైతే వీల్‌చెయిర్ దొరుకుతుందేమో అదే ఫోన్లో కనుక్కోవాలి. రెండోది వదినది. ప్లాన్ అంతా విని నిన్న రాత్రి ఫోన్ చేసింది. పిల్లలకి పరీక్షలు కాబట్టి వాళ్లని వాళ్ల నాన్న దగ్గర వదిలి తానొక్కతే వస్తానంటోంది. అమ్మతో కలిసి తిరగాలని ఉందట. విశాఖ నుంచి ఆవిడకి బెర్తు చూడాలి. ఆడవాళ్లకి నలభై ఐదు నిండితే చాలు కాబట్టి, ఆ వయసు దాటిన ఆవిడకీ కింది బెర్తు కోటా వర్తిస్తుంది. వంతుల కాగితంలో ఇంకో పేరు చేరుతుంది.